ముక్కు వసారాలో కురుపు

మా అక్క కూతురి పెళ్లికి ఇంకా ఐదు రోజులుందనగా అద్దం ముందు నిలబడి ఒక వెధవ పని చేశాను. కుడి ముక్కులోంచి ఒక వెంట్రుక బయటికి తొంగిచూస్తోంది. పెళ్లి ఫోటోల్లో అదే ముందు కనబడుతుందేమోనని అనుమానం. మా ఆవిడ కనుబొమలకు వాడుకునే ప్లక్కర్ అక్కడే ఉంది. పట్టి ఒక్క లాగు లాగాను. కళ్లలో గిర్రున నీళ్లు తిరిగాయి, తుమ్ము వచ్చింది, వెంట్రుకా వచ్చింది. మొదట్లో తెల్లగా చిన్న ఉబ్బు కూడా ఉంది. కుదురుతో సహా ఊడిందన్నమాట. గొప్ప పని చేసినట్టు దాన్ని కాసేపు వెలుతురులో పెట్టి చూసుకున్నాను కూడా.

మర్నాడు సాయంత్రానికి ముక్కు కొన తాకితే సలుపు. ఆ మర్నాటికి కళ్లజోడు పెట్టుకోవడం కష్టమైంది. నవ్వితే నొప్పి, మొహం తుడుచుకుంటే నొప్పి, పక్కకు తిరిగి పడుకుంటే దిండు తగిలి నొప్పి. పెళ్లివారి ఇంట్లో సలహాలకు కొదవేముంటుంది? "వేడి చేసిందిరా, మజ్జిగ తాగు, ఆ మామిడిపళ్లు కాస్త తగ్గించు" అంది అమ్మ. "పిన్నీసు దీపం మీద కాల్చి ఒక్క పోటు పొడవవోయ్, చీమంతా బయటికొచ్చేస్తుంది" అన్నాడు బావ. వీధి చివర మందుల షాపు కుర్రాడైతే నా మాట పూర్తికాకముందే ఒక ట్యూబు తీసి బల్ల మీద పెట్టాడు.

మజ్జిగ తాగాను. పిన్నీసు జోలికి పోలేదు. ట్యూబు సంగతి తర్వాత చెబుతాను. మూడోరోజు పొద్దున చెవి ముక్కు గొంతు డాక్టరు గారి దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. ఆయన నుదుటి దీపం సర్దుకుని, బొటనవేలితో నా ముక్కు కొనను రవ్వంత పైకెత్తి లోపలికి చూశారు.

"గిల్లారా?"

"లేదండి."

"పీకారా?"

"ఒక్కటే వెంట్రుకండి."

"ఒక్కటి చాలు."

ఆ ఒక్కటి ఎందుకు చాలో తెలియాలంటే ముక్కు లోపలి కట్టడం కొంచెం తెలియాలి. ముక్కు లోపలంతా ఒకే తడి పొర అనుకుంటాం. కాదు. రంధ్రం అంచు నుంచి ఒకటిన్నర సెంటీమీటరు లోపలిదాకా ఉన్నది మామూలు చర్మమే. బుగ్గ మీది చర్మమే లోపలికి మడతపడి వెళ్లినట్టుంటుంది. చెమట గ్రంథులు, నూనె గ్రంథులు, దుమ్మును ఆపే బిరుసు వెంట్రుకలు అన్నీ అక్కడే. ఆ తర్వాత చిన్న గట్టులాంటిది వస్తుంది. దాని అవతల జిగట పొర, అసలు ముక్కు. ఈ ముందు భాగానికి శరీరశాస్త్రంలో 'వెస్టిబ్యూల్' అని పేరు. లాటిన్‌లో ఆ మాటకు ఇంటి ముంగిలి అని అర్థం. మన లెక్కన వసారా అనుకోవచ్చు. వీధికీ ఇంటికీ మధ్య, దుమ్మూ చెప్పులూ ఉండే చోటు.

చర్మానికి వచ్చే కష్టాలన్నీ ఈ వసారాకూ వస్తాయి. వెంట్రుక కుదురు పైపైన చీము పట్టి చిన్న పొక్కు లేస్తే, లేదా చర్మమంతా ఎర్రబడి పక్కు కడితే, అది తేలిక రకం. అదే కుదురు అడుగుదాకా చీము దిగితే సెగగడ్డ. వీపు మీదో తొడ మీదో లేచేదీ ఇదీ ఒకటే జాతి. గట్టుకు అవతల, జిగట పొర మీద, ఈ వెంట్రుకలు ఉండవు కాబట్టి ఇలాంటి గడ్డలు లేవవు. అందుకే 'ముక్కులో మొటిమ' అనే మాట పూర్తిగా సరైంది కాదు. మొటిమకు మూలం వయసు, హార్మోన్లు, నూనె గ్రంథులు. దీనికి మూలం గాయం, దాంట్లోకి దిగిన సూక్ష్మజీవి.

పెసరగింజంత గడ్డకు ఇంత నొప్పేమిటన్నది నా రెండో సందేహం. బుగ్గ మీది చర్మాన్ని చిటికెతో పట్టుకుంటే పైకి వస్తుంది. ముక్కు వసారాలో చర్మం అలా రాదు. కిందనున్న మృదులాస్థికి అంటుకుపోయి ఉంటుంది. చీము చేరితే సాగడానికి చోటుండదు. ఉన్న ఒత్తిడంతా నరాల కొసల మీదే పడుతుంది. గోరుచుట్టు అంతలా సలపడానికీ కారణం ఇదే, ఇరుకు. పైగా ఈ ప్రాంతపు స్పర్శను మోసేది ట్రైజెమినల్ నాడి. ముఖమంతటికీ స్పర్శ, నొప్పి తెలిపేది అదే. కంటికి నలక తగిలినా, ముక్కు వెంట్రుక లాగినా, కబురు ఆ నాడి ద్వారానే మెదడుకు చేరుతుంది. జవాబుగా కన్నీటి గ్రంథి తెరుచుకుంటుంది. ఏడవకుండానే నా కళ్లు నిండింది అందుకు. ఇలాంటి గోరుచుట్టు మీద మా బావ చెప్పిన పిన్నీసు రోకటిపోటు అయ్యుండేది.

ఇక ఆ దిగిన జీవి ఎవరు? స్కాట్లండ్‌లోని ఆబర్డీన్ నగరంలో అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ అనే సర్జన్ ఉండేవాడు. ఆ రోజుల్లో గాయానికి చీము పట్టడం మానడంలో ఒక భాగమేననుకునేవారు చాలామంది. 1880లో ఆయన ఒక రోగి కాలి గడ్డను కోసి, వచ్చిన చీమును ఇంటికి తీసుకెళ్లి సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. గుండ్రటి చుక్కలు గుత్తులు గుత్తులుగా కనబడ్డాయి. ఇంటి వెనకాల షెడ్డులో ప్రయోగశాల పెట్టుకుని, ఆ చుక్కల్ని కోడిగుడ్లలో పెంచాడు. ఆసుపత్రి పని అయ్యాక ఇంటి వెనక గుడ్లతో కుస్తీ పట్టే ఆ డాక్టరును చూసి ఇరుగుపొరుగు ఏమనుకున్నారో గాని, సెగగడ్డకు కారణం దొరికింది అక్కడే. ద్రాక్షగుత్తికి గ్రీకులో ఉన్న మాటను తీసుకుని 1882లో ఆయన దానికి స్టెఫిలోకాకస్ అని పేరు పెట్టాడు. రెండేళ్ల తర్వాత జర్మనీలో రోజెన్‌బాక్ వాటిని విడదీసి పెంచితే, ఒక రకం బంగారు రంగులో పెరిగింది. దానికి 'ఆరియస్' అన్నాడు. లాటిన్‌లో బంగారంలాంటిది అని. ముక్కులో సెగగడ్డలకు చాలావరకు ఈ బంగారుగుత్తి స్టెఫే కారణం.

ఇది బయటినుంచి వచ్చి పడే దొంగ కాదు. వసారాలో ముందునుంచీ కాపురం ఉంటున్నదే. ఏ ఊళ్లో పదిమందిని నిలబెట్టి ముక్కులో దూది పుల్లతో తుడిచి చూసినా సుమారు ముగ్గురిలో ఇది కనబడుతుంది. కొందరిలో ఏళ్ల తరబడి ఉంటుంది, కొందరిలో వచ్చి పోతూంటుంది. వాళ్లకు ఏ బాధా ఉండదు. పొడిగా, కాస్త ఉప్పగా, వెంట్రుకలతో ఉండే ఈ చర్మం దానికి నచ్చుతుంది. పైపొరలోని చచ్చిన చర్మకణాలను గట్టిగా పట్టుకుని వేలాడే కొక్కేల్లాంటి ప్రొటీన్లు దానికున్నాయి. చర్మం తెగనంతవరకూ అద్దెలేని అద్దెదారులా పడి ఉంటుంది. తెగితే మాత్రం లోపలికి దిగుతుంది.

తెగడానికి ప్లక్కరే అక్కర్లేదు, గోరు చాలు. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థకు చెందిన ఇద్దరు మానసిక వైద్యులు ఆ ఊరి 4 స్కూళ్లలో 200 మంది పిల్లల్ని ఈ విషయమే అడిగారు. ముక్కులో వేలు పెట్టుకుంటామని దాదాపు అందరూ ఒప్పుకున్నారు. సగటున రోజుకు నాలుగుసార్లు అన్నారు. రోజుకు ఇరవైసార్లు దాటేవాళ్లు 7 శాతం పైనే తేలారు. 2001లో ఆ పరిశీలన అచ్చయింది. ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు అమెరికాలో ఇచ్చే ఇగ్ నోబెల్ బహుమతి అదే ఏడు దీనికి దక్కింది. నవ్వు సంగతి అటుంచి, 2006లో నెదర్లాండ్స్‌లో చూసినప్పుడు ముక్కులో వేలు పెట్టుకునే అలవాటున్న వాళ్లలోనే ఈ స్టెఫ్ ఎక్కువగా కనబడింది. వేలు దాన్ని లోపలికి తీసుకెళుతుంది, గోరు గీత పెడుతుంది. రెండు పనులూ ఒకే ప్రయాణంలో అయిపోతాయి.

అదే ముక్కులో దీని శత్రువు కూడా ఉండవచ్చు. జర్మనీలోని ట్యూబింగెన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2016లో ఈ విషయం బయటపెట్టారు. కొందరి ముక్కుల్లో స్టెఫిలోకాకస్ లగ్డునెన్సిస్ అనే మరో జ్ఞాతి ఉంటుంది. పక్కవాణ్ణి చంపడానికి అది ఒక మందు తయారుచేసుకుంటుంది. దానికి లగ్డునిన్ అని పేరు పెట్టారు. ఆసుపత్రిలో చేరిన 187 మంది ముక్కులు పరీక్షిస్తే, ఈ జ్ఞాతి ఉన్నవాళ్లలో బంగారుగుత్తి 6 శాతం మందిలోనే ఉంది. లేనివాళ్లలో 35 శాతం దాకా ఉంది. యాంటీబయాటిక్ కోసం మట్టి తవ్వుతూ ఖండాలు తిరిగిన శాస్త్రవేత్తలకు ఒకటి మూతి పైనే దొరికింది. మందుగా ఇంకా షాపుకు రాలేదు.

నా ముక్కులో జరిగింది మళ్లీ చూద్దాం. వెంట్రుక ఊడిన చోట సన్నటి గొయ్యి మిగిలింది. గుత్తులు దాంట్లోకి జారాయి. మొదటిరోజు బయటికేమీ తెలియదు. లోపల మాత్రం దెబ్బతిన్న కణాలు రసాయనాల రూపంలో కేక పెట్టాయి. రక్తనాళాలు ఉబ్బాయి, న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలు గోడల సందుల్లోంచి దూరి వచ్చాయి. ఎరుపు, వేడి, వాపు, సలుపు అంటే ఇదే. "వేడి చేసింది" అన్న అమ్మ మాట కారణంగా తప్పే గాని వర్ణనగా అక్షరాలా సరిపోయింది. స్టెఫ్ ఊరుకోదు. కోయాగ్యులేజ్ అనే పదార్థం వదిలి మన రక్తంలోని గడ్డకట్టే ప్రొటీనునే తన చుట్టూ పందిరిలా అల్లుకుంటుంది. తెల్లకణాల్ని పగలగొట్టే విషాలూ దానికున్నాయి. చచ్చిన తెల్లకణాలు, చచ్చిన గుత్తులు, కరిగిన కండ కలిసి మూడోరోజుకు చీమవుతుంది. శరీరం తన వంతుగా దాని చుట్టూ గోడ కడుతుంది. ఆ గోడ లోపల ఉన్నంతసేపు పోరు స్థానికమే. నాలుగు, ఐదు రోజుల్లో గడ్డ పండుతుంది, మెత్తబడుతుంది, చర్మం పలచబడిన చోట దానంతట అది పగులుతుంది.

గిల్లితే, నొక్కితే, పొడిస్తే ఏమవుతుంది? చీము ఎటు దారి దొరికితే అటు పోతుంది. బయటికే వస్తుందన్న భరోసా లేదు. గోడ లోపలివైపు తెగితే చుట్టూ ఉన్న కండలోకి, సన్నటి సిరల్లోకి వెళుతుంది. ఆ సిరలు ఎక్కడికి పోతాయన్నదే డాక్టర్లను భయపెట్టే విషయం.

ముక్కు మొదలు దగ్గర ఒక చుక్క, రెండు నోటి మూలల్లో రెండు చుక్కలు పెట్టి కలపండి. ఆ త్రికోణాన్ని వైద్యంలో ప్రమాద త్రికోణం అంటారు. ఈ ప్రాంతపు రక్తం చాలావరకు దవడ పక్కగా మెడకు దిగిపోతుంది. కానీ కంటి లోపలి మూల దగ్గర ఈ సిరలకూ కంటిగుంత సిరలకూ లంకె ఉంది. కంటిగుంత సిరలు వెనక్కి వెళ్లి పుర్రె అడుగున, పిట్యూటరీ గ్రంథికి అటూ ఇటూ ఉండే కేవర్నస్ సైనస్ అనే రక్తపు మడుగుల్లో కలుస్తాయి. మెదడుకు రక్తం మోసే కెరోటిడ్ ధమని ఆ మడుగు మధ్యలోంచి వెళుతుంది. కనుగుడ్డును తిప్పే నాడులూ అక్కడే. చీము వెంట స్టెఫ్ అంతదూరం చేరి రక్తం గడ్డకడితే కన్ను ఉబ్బుతుంది, ముందుకు పొడుచుకొస్తుంది, రెప్ప వాలుతుంది, ఒకటి రెండుగా కనబడుతుంది. ఈ సిరల్లో కవాటాలే లేవు కాబట్టి రక్తం ఎటైనా పారుతుందని పుస్తకాల్లో ఏళ్లకేళ్లు రాశారు. కవాటాలున్నాయని 2010లో ఒక పరిశీలన తేల్చింది. అయినా దారి ఉన్న మాట నిజమే, ఆ దారిన కొందరు పోయిన మాటా నిజమే.

రష్యన్ స్వరకర్త అలెగ్జాండర్ స్క్రియాబిన్ 1915 ఏప్రిల్‌లో పెట్రోగ్రాడ్‌లో కచేరీ ముగించుకుని మాస్కోకు వచ్చేసరికి పై పెదవి మీద కురుపు లేచింది. జ్వరం పెరిగింది, ముఖం వాచింది, డాక్టర్లు కోత మీద కోత పెట్టారు. రక్తమంతా విషమై ఆ నెల 27న చనిపోయాడు. 43 ఏళ్లు. మరో పాతికేళ్లకు, 1941 ఫిబ్రవరి 12న, ఆక్స్‌ఫర్డ్‌లో అల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసుకు పెన్సిలిన్ ఎక్కించారు. జబ్బుకు మందుగా ఆ ఇంజెక్షన్ పుచ్చుకున్న మొదటి రోగి ఆయనే అంటారు. ముఖం నిండా చీముగడ్డలు, ఒక కన్ను అప్పటికే తీసేశారు. గులాబీ ముల్లు గీరుకుందని కథ ప్రచారంలో ఉంది. బాంబు దాడిలో తగిలిన దెబ్బ అని కూడా చెబుతారు. మందు పడగానే జ్వరం దిగింది, అన్నం తినగలిగాడు. ప్రపంచంలో ఉన్న పెన్సిలినే అంత తక్కువ కాబట్టి ఆయన మూత్రం పట్టి దాంట్లోంచి మళ్లీ మందు తీసి ఎక్కించారు. అదీ అయిపోయింది. మార్చి 15న ఆయన ప్రాణం పోయింది.

యాంటీబయాటిక్స్ లేని రోజుల్లో కేవర్నస్ సైనస్‌లో సూక్ష్మజీవి చేరి రక్తం గడ్డకడితే దాదాపు ఎవరూ బతికేవారు కాదు. ఇప్పటికీ అది వచ్చినవాళ్లలో నూటికి ఇరవై, ముప్పై మంది చనిపోతున్నారు. అయితే రావడమే చాలా అరుదు. ముక్కులో పొక్కు లేచిన ప్రతివాడూ వీలునామా రాయనక్కర్లేదు. చెయ్యి పెట్టకపోతే చాలావరకు కురుపులు వాటంతట అవే మాయమవుతాయి.

వైద్యానికి వస్తే, మొదటి మందు మన అమ్మమ్మలకు తెలిసిందే, కాపడం. ఉతికిన మెత్తటి గుడ్డను చెయ్యి ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో ముంచి, పిండి, ముక్కుకు బయటివైపు ఆనించాలి. చల్లారితే మళ్లీ ముంచాలి. పది, పదిహేను నిమిషాలు, రోజుకు మూడు నాలుగుసార్లు. వేడికి రక్తనాళాలు తెరుచుకుంటాయి, తెల్లకణాలు ఇంకా చేరతాయి, గడ్డ త్వరగా పండి పైకి మెత్తబడుతుంది. నొప్పీ తగ్గుతుంది. అవసరమైతే పారాసిటమాల్ వేసుకోవచ్చు. మరుగుతున్న గిన్నె మీద మొహం వాల్చి ఆవిరి పట్టడం దీనికి పనికిరాదు. మూతి కాలడం తప్ప ఒరిగేదేమీ లేదు. సున్నం, వెల్లుల్లి రసం, ఘాటు బాములు ముక్కులోపల పెట్టడం గురించి విన్నాను, పెట్టినవాళ్లనూ చూశాను. ఆ పలచటి చర్మం కాలి, కొత్త గాయమై, స్టెఫ్‌కు ఇంకో గుమ్మం తెరుచుకుంటుంది.

చిన్న పొక్కులకు, పక్కు కట్టి ఎర్రబడిన చర్మానికి డాక్టర్లు ఎక్కువగా రాసేది ముపిరోసిన్ ఆయింట్‌మెంటు, 2 శాతంది. దీని పుట్టుక తమాషాగా ఉంటుంది. సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్ అనే మరో సూక్ష్మజీవి తయారుచేసుకునే పదార్థమిది. స్టెఫ్ తన ప్రొటీన్లు కట్టుకోవడానికి ఐసోల్యూసిన్ అనే ఇటుక కావాలి. ఆ ఇటుకను మోసుకొచ్చే ఎంజైమును ఈ మందు పట్టుకుని వదలదు. గోడ ఆగిపోతుంది. రక్తంలోకి వెళితే మాత్రం నిమిషాల్లో విరిగి పనికిరాకుండా పోతుంది కాబట్టి మాత్రగా లేదు, పూతే. పెసరగింజంత తీసుకుని, శుభ్రమైన దూది పుల్లతో వసారాలోనే రాసి, ముక్కు రెక్కల్ని మెల్లగా ఒకసారి నొక్కి వదిలితే చాలు. దూది పుల్లను మెదడుదాకా పంపాలన్న ఉత్సాహం వద్దు.

లోతుగా దిగిన గడ్డకు పూత చేరదు. దానికి మాత్రలు కావాలి. ఏ మాత్రలన్నది డాక్టరు చెప్పాలి. ఇంట్లో ఎప్పుడో మిగిలిన అమాక్సిసిలిన్ మింగితే చాలదా అంటే చాలదు. పెన్సిలిన్ వచ్చిన కొద్ది ఏళ్లకే దాన్ని ముక్కలు చేసే ఎంజైము స్టెఫ్ నేర్చుకుంది. ఈనాటి స్టెఫ్‌లలో ఎక్కువభాగానికి ఆ విద్య వచ్చు. దాన్ని తట్టుకునేలా 1959లో మెథిసిలిన్ తెచ్చారు. రెండేళ్లకే, 1961లో, ఇంగ్లండులో దానికీ లొంగని రకం కనబడింది. ఆసుపత్రుల్లో అందరూ భయపడే ఎంఆర్‌ఎస్‌ఏ అదే. అందుకే ఇప్పుడు చీము నమూనా తీసి ఏ మందుకు లొంగుతుందో పరీక్ష చేయించి మరీ మాత్ర మారుస్తారు. అలాంటప్పుడు వాడే వాటిల్లో డాక్సీసైక్లిన్ ఒకటి. టెట్రాసైక్లిన్ల కుటుంబంలోది. ఆ కుటుంబంలో పెద్దక్క ఆరియోమైసిన్. అది వెలికివచ్చింది అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో బెంజమిన్ డగ్గర్ చేతుల మీదుగా. అక్కడి పరిశోధనలకు అప్పట్లో పెద్ద తలకాయ మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మందుకు పేరు బంగారమే, రోగానికి పేరూ బంగారమే. బంగారు రంగు బాక్టీరియా మీదికి బంగారు రంగు మందును పంపిన చోట మనవాడు ఉన్నాడని రాసుకోవడంలో నాకు కాస్త గర్వం లేకపోలేదు.

మందుల షాపు ట్యూబు ఏమిటంటారా? ఇంటికొచ్చి భూతద్దం పెట్టి చదివితే తేలింది. యాంటీబయాటిక్, ఫంగస్ మందు, ఘాటైన స్టెరాయిడ్, మూడూ కలిపిన గంపగుత్త క్రీము. స్టెరాయిడ్ వాపునూ ఎరుపునూ ఒక్కరోజులో దించుతుంది. చూసినవాడికి తగ్గిపోయిందనిపిస్తుంది. నిజానికది చేసేది తెల్లకణాల్ని వెనక్కి పిలవడం. యుద్ధం మధ్యలో సైన్యాన్ని ఇంటికి పంపి, ఊరు ప్రశాంతంగా ఉందని దండోరా వేసినట్టు. చర్మవ్యాధి నిపుణులు ఏళ్లతరబడి మొత్తుకోగా 2018లో కేంద్రం ఇలాంటి స్టెరాయిడ్ క్రీములను చీటీ లేకుండా అమ్మకూడదన్న జాబితాలో చేర్చింది. చీటీ నన్నెవరూ అడగలేదు.

గడ్డ బాగా పండి, చీము కదులుతున్నట్టు తెలుస్తుంటే డాక్టరే మత్తిచ్చి లోపలివైపు నుంచి చిన్న గాటు పెట్టి తీస్తారు. బావ చెప్పిందీ అదే కదా అనకండి. ఎక్కడ, ఎప్పుడు, ఎంత లోతు అన్నదే తేడా. పచ్చిగా ఉన్న గడ్డను పొడిస్తే చీము రాదు, విషం పాకుతుంది.

కొన్ని పరిస్థితుల్లో మాత్రం కాపడాలతో కాలక్షేపం చెయ్యకూడదు. ఎరుపు ముక్కు దాటి బుగ్గకో పై పెదవికో పాకినా, చలిజ్వరం వచ్చినా, కంటిరెప్ప వాచినా, తల పగిలే నొప్పి పుట్టినా, చూపు మసకబారినా, రెండుగా కనబడినా ఆ గంటలోనే పెద్దాసుపత్రికి పోవాలి. షుగరున్నవాళ్లు, కీమోథెరపీలో ఉన్నవాళ్లు, స్టెరాయిడ్ మాత్రలు వాడేవాళ్లు మొదటిరోజే చూపించుకోవడం మంచిది.

షుగర్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ముక్కులోనో ఒంటి మీదో ఏడాదిలో రెండు మూడుసార్లు సెగగడ్డలు లేస్తున్నాయంటే రక్తపరీక్ష చేయించుకోవాలి. తనకు మధుమేహం ఉందని గడ్డ వల్లే తెలుసుకున్నవాళ్లు మన ఊళ్లలో తక్కువేం కాదు. షుగర్ లేకపోయినా మళ్లీమళ్లీ వస్తుంటే ముక్కులోని కాపురాన్నే ఖాళీ చేయించాలి. ముపిరోసిన్‌ను రోజుకు రెండుసార్లు ఐదు రోజులపాటు రెండు రంధ్రాల్లో రాయమంటారు. క్లోర్‌హెక్సిడిన్ కలిపిన ద్రావణంతో స్నానం, తువ్వాళ్లూ దిండుగలీబులూ విడివిడిగా వేడినీళ్లలో ఉతకడం కూడా చెబుతారు. ఇంట్లో ఒకరి ముక్కు నుంచి ఇంకొకరి ముక్కుకు అది తిరుగుతూనే ఉంటుంది. ఒకే తువ్వాలుతో ఇంటిల్లిపాదీ మొహం తుడుచుకునే ఇళ్లలో మరీను. అలాగని నెలల తరబడి పూస్తే ముపిరోసిన్‌కూ లొంగని స్టెఫ్ తయారవుతుంది.

ముక్కులోని ఈ కాపురం ముక్కుతో పోయేది కాదు. 2001లో జర్మన్ పరిశోధకులు స్టెఫ్ రక్తంలోకి చేరిన రోగుల్ని పరీక్షిస్తే, వాళ్లలో 80 శాతం పైచిలుకు మందిలో రక్తంలోనిదీ ముక్కులోనిదీ ఒకటేనని తేలింది. 2010లో డచ్చి ఆసుపత్రుల్లో, ముక్కులో స్టెఫ్ ఉన్నవాళ్లకు ఆపరేషను ముందే ముక్కుకు ఈ మందు, ఒంటికి ఆ స్నానం పెట్టారు. తర్వాత స్టెఫ్ సోకినవాళ్లు 3.4 శాతం. మందు పెట్టనివాళ్లలో 7.7 శాతం. మోకాలి చిప్ప మార్చేముందు ముక్కులో దూది పుల్ల పెట్టి చూస్తే ఇదేం చోద్యమని ముక్కున వేలేసుకోకండి. ముఖ్యంగా వేలు వేసుకోకండి.

ముక్కులో లేచిందల్లా ఇదేననుకోవడమూ పొరపాటే. ప్రతి జలుబుకో ప్రతి ఎండకో అదే చోట చిన్న నీటిపొక్కుల గుంపు చిమచిమలాడుతూ లేస్తే హెర్పిస్ కావచ్చు. దానికి మందు వేరు. ముక్కుపుడక కుట్టించుకున్నాక రెక్క ఎర్రగా వాచి సలిపితే చీము మృదులాస్థికి చేరిందేమో చూడాలి. మృదులాస్థికి సొంత రక్తనాళాలు లేవు. ఒకసారి కరిగితే ముక్కు ఆకారమే మారిపోతుంది. రెండు మూడు వారాలైనా మానని పుండు, ఒకవైపే రక్తం, ముక్కు దూలానికి కన్నం ఇవన్నీ దీపం వేసి చూడాల్సినవే. షుగరున్న మనిషి ముక్కులో నల్లటి పక్కు కనబడితే ఆలస్యం పనికిరాదు. 2021 మే నెల ఎవరూ మరిచిపోలేదు. కొవిడ్ తగ్గి ఇంటికెళ్లినవాళ్లు బ్లాక్ ఫంగస్‌తో హైదరాబాద్ కోఠీలోని ఈఎన్‌టీ ఆసుపత్రి మెట్ల మీద బారులు తీరారు. చాలామందికి అది ముక్కులోనే మొదలైంది.

నాకు డాక్టరు గారు మాత్రలూ పూతా రాశారు. వెంట్రుక బయటికి వస్తే గుండ్రటి కొసలున్న చిన్న కత్తెరతో బయటికొచ్చిన మేరకే కత్తిరించుకోమన్నారు. పెళ్లికి ముందురోజు రాత్రి, ఇంటినిండా చుట్టాలు, వంటవాళ్లు బూందీ దూస్తున్న వేళ, పెరట్లో పీట మీద కూర్చుని కాపడం పెట్టుకుంటుంటే గుడ్డ మీద పసుపుపచ్చగా ఒక చుక్క, దాని పక్కన రక్తపు చార. అంతే. మూడురోజుల సలుపు ఒక్క నిమిషంలో దిగిపోయింది. ఆ గుడ్డను విడిగా పారేసి, చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాను.

ఎరుపు మాత్రం అంత త్వరగా పోదు. పెళ్లి ఆల్బమ్ వచ్చింది. అప్పగింతల ఫోటోలో అందరికంటే ముందు నేనే ఉన్నాను, దొండపండులాంటి ముక్కుతో. "అమ్మ కంటే నువ్వే ఎక్కువ ఏడ్చావు మామయ్యా" అంటుంది మా మేనకోడలు, ఆల్బమ్ తెరిచినప్పుడల్లా. నేను ఇంతవరకూ దిద్దలేదు.